పరీక్షలో రానిది బడిలో మిగలదు

కామారెడ్డి జిల్లా బిచ్కుంద తెలుగు, మరాఠీ, కన్నడం కలిసే సరిహద్దు ప్రాంతం. ఎస్సీలకు రిజర్వయిన జుక్కల్ నియోజకవర్గంలోది. ఇక్కడి ప్రభుత్వ బడిలో ఎనిమిదో తరగతి చదివే పేద విద్యార్థికి ఏటా 12,000 రూపాయల స్కాలర్‌షిప్ తెచ్చిపెట్టగల పరీక్ష ఎన్‌ఎంఎంఎస్. అందులో సగం మెంటల్ ఎబిలిటీ. మిగతా 90 ప్రశ్నల్లో సైన్స్ 35, సోషల్ 35, గణితం 20. భాషకు ఒక్క ప్రశ్నా లేదు. ఇంట్లో ఒక మాట, పుస్తకంలో ఇంకో మాట ఉన్న పిల్లలకు ముందు కావాల్సింది భాషే. కానీ కోచింగ్ దేనికి పెడతారో చెప్పక్కర్లేదు.

పదో తరగతిలో ఇది ఇంకా బాహాటం. ప్రతి సబ్జెక్టులో 80 మార్కులు పబ్లిక్ పరీక్షకు, 20 బడిలోని మూల్యాంకనానికి. ప్రాజెక్టు పనులు ఈ ఇరవైలోకే వస్తాయి. సోషల్‌లో రాజ్యాంగ నిర్మాణం పాఠం ఉంది. దాన్ని ప్రాజెక్టుగా చేస్తే 17వ అధికరణం పట్టుకుని ఊళ్లో చాయ్ హోటల్ దగ్గర, గుడి దగ్గర ఏం జరుగుతోందో పిల్లలు అడిగి రాయొచ్చు. ప్రశ్నగా చేస్తే ముసాయిదా కమిటీ అధ్యక్షుడెవరో రాసి ఊరుకుంటారు. ప్రత్యేక తరగతులు మొదలయ్యాక మిగిలేది రెండోదే. అంబేద్కర్ బిట్ పేపర్‌లో ఒక ఆప్షన్ అవుతాడు.

2024 నవంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఈ 20 మార్కులు తీసేసి వందకు వందా పరీక్షే అంది. మరునాడే ఆ ఏడాదికి వాయిదా వేసింది. ప్రైవేటు బడులు ఇరవైకి ఇరవై వేసుకుంటాయన్న ఫిర్యాదును కొట్టిపారేయలేం.

మనవైపు నుంచి ఇంకో చిక్కుంది. ఇంటర్నల్ మార్కు వేసే టీచర్‌కు విద్యార్థి పేరు తెలుసు, వాడ తెలుసు. పబ్లిక్ పరీక్ష జవాబు పత్రం దిద్దేవాళ్లకు పేరు కనిపించదు. దళిత విద్యార్థి ఆ పత్రాన్నే ఎక్కువ నమ్మితే నేను తప్పుపట్టను. వైవాల్లో, ఇంటర్వ్యూల్లో కులం ఏం చేస్తుందో యూనివర్సిటీల్లో ఉన్న మనకు తెలియంది కాదు. అందుకే పరీక్షలు రద్దు చేయాలనే వాళ్లతో నేను గొంతు కలపను.

నా పేచీ పరీక్ష మింగేస్తున్న పీరియడ్ల గురించి. కలిగినవాళ్ల బిడ్డకు బడి వదిలేసింది ఇంట్లో దొరుకుతుంది. కూలికి పోయే ఇంటి బిడ్డకు కథల పుస్తకమైనా, ప్రయోగమైనా బడిలో తప్ప దొరకదు. పాస్ శాతం అడిగే సంఘాలు ఈ లెక్క కూడా అడగాలి: ఈ నెల లైబ్రరీ పీరియడ్లు ఎన్ని జరిగాయి, ల్యాబ్ ఎన్నిసార్లు తెరిచారు? బడి చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉండనే ఉంది.