పేరు తెలియని పురుగు

ప్రకృతి గొప్ప పాఠశాల అని మనం సభలలో తరచుగా చెప్పుకొంటాము. కాని ఆ పాఠశాలకు మన పిల్లలను చేయి పట్టుకొని తీసుకొనిపోయే దినములు సంవత్సరానికి ఎన్ని? తీసుకొనిపోయిన నాడైనా వారడిగే ప్రశ్నలకు మనమిచ్చే సమాధానం ఏపాటిది? ఈ రెండవ విషయమే ఒక ఆదివారం ఉదయం గోలకొండ కోట వెలుపలి రాళ్ల నడుమ మమ్ములను ఆలోచింపజేసింది.

ముందురోజు సాయంత్రం తొలకరి వాన కురిసింది. తెల్లవారగానే మేము, పిల్లలు, వారి నానీ కలిసి నడకకు బయలుదేరాము. ఇసుక నేల ఇంకా తడిగానే ఉన్నది. పెద్దలమైన మేము ఎండ ముదరక ముందే కోటగోడ వరకు పోయి రావలెనని వడివడిగా నడుస్తూ ఉండగా, చిన్నవాడు నేల వైపు వంగి వెనుకబడిపోయాడు. ఎర్రని మఖమల్ గుడ్డ ముక్క వలె ఉన్న పురుగొకటి అతని కాలి ముందు మెల్లగా సాగిపోతున్నది. "అబ్బా, ఇదేమిటి?" అని అడిగాడు. "ఏదో పురుగులే, ముట్టుకోకు, నడు" అన్నాము.

నానీ మాత్రం ఆగింది. "అది బీర్‌బహూటీ, బేటా. వానలు మొదలైతే కనబడుతుంది" అని చెప్పింది. సమీపంలో మేకలు కాచుకొంటున్న వృద్ధుడొకడు ఆ మాట విని, "మేము ఆరుద్ర పురుగంటాం బాబూ" అన్నాడు. పిల్లవానికి సందేహం కలిగింది. "రెండు పురుగులా, ఒక్కటేనా?"

ఒక్కటే. ఉర్దూలో ఒక పేరు, తెలుగులో మరొక పేరు. ఆరుద్ర కార్తె జూన్ 22 ప్రాంతంలో ప్రవేశించి సుమారు రెండు వారాలుంటుంది. ఆ దినములలో నేలపై కనబడుతుంది కనుక రైతులు దానికి ఆ పేరు పెట్టారు. పేరులోనే కాలనిర్ణయం ఇమిడి ఉన్నది. ఇక మనం పురుగు అని పిలుస్తున్నా, శాస్త్రరీత్యా ఇది కీటకం కాదు. కీటకానికి ఆరు కాళ్లుంటాయి, దీనికి ఎనిమిది. కాబట్టి ఇది సాలెపురుగు, తేలు మొదలైన వాటి బంధువర్గంలో చేరుతుంది. ఈ భేదాన్ని అయిదేండ్ల పిల్లవాడైనా తన కంటితో చూచి లెక్కించగలడు. సంవత్సరంలో అధికభాగం ఇది మట్టిలోనే గడుపుతుంది. వానకు నేల మెత్తబడినప్పుడు పైకి వచ్చి, చెదలు మొదలైన చిన్న ప్రాణులను తింటుంది. దీని ఎర్రరంగు తనను తినరాదని శత్రువులకు చేసే హెచ్చరిక. మా చిన్నతనంలో వీటిని అగ్గిపెట్టెలలో దాచుకొనేవారము. తైలం కొరకు ఏరి అమ్మేవారూ ఉన్నారు. ఇప్పుడు చూచి విడిచిపెట్టుటే ధర్మమని పిల్లలకు చెప్పాము.

ఒక ప్రశ్నకు ఆదరణ లభించిన పిదప రెండవది రావడానికి ఆలస్యం కాలేదు. "ఈ బండలను ఒకదానిపై ఒకటి ఎవరు పేర్చారు?" అని పెద్దమ్మాయి అడిగింది. ఎవరూ పేర్చలేదు. హైదరాబాదు పరిసరాలలోని ఈ నల్లరాయి సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. భూగర్భంలో కరిగి ఉన్న పదార్థం చల్లబడి గట్టిపడగా ఏర్పడినది. కాలక్రమాన పైనున్న పొరలు కొట్టుకొనిపోయి రాయి బయటపడింది. అందులోని నిలువు, అడ్డ పగుళ్ల గుండా నీరు దిగి, అంచులను, మూలలను ముందుగా శిథిలం చేసింది. మెత్తబడిన భాగం వానలకు కొట్టుకొనిపోగా, గట్టి భాగం గుండ్రని బండలై ఉన్నచోటనే నిలిచిపోయింది. చక్కెర దిమ్మను నీటిలో వేసి చూపితే మూలలే ముందు కరుగుట పిల్లలకు తెలిసిపోతుంది.

ఇంటికి వచ్చిన తరువాత సలీం అలీ బాల్యం మాకు జ్ఞప్తికి వచ్చింది. ఆయన 1896లో బొంబాయిలో జన్మించి, పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి, మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగాడు. బాలుడైన సలీం ఒకనాడు బొమ్మతుపాకితో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని కంఠంపై పసుపుపచ్చని మచ్చ ఉన్నది. అదేమి పక్షి అని మామను అడిగాడు. మామకు కూడా తెలియలేదు. అయినను "ఏదో పిచ్చుక" అని ఆయన త్రోసివేయలేదు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం కార్యదర్శి మిల్లర్డ్‌కు పరిచయలేఖ వ్రాసి బాలుని పంపాడు. మిల్లర్డ్ ఆ పక్షి పేరు చెప్పి, అక్కడ భద్రపరచిన పక్షులను చూపాడు. ఆ బాలుడే పెరిగి పెద్దవాడై 1931-32లో మన హైదరాబాదు రాజ్యంలోని పక్షులను సర్వే చేశాడు. 1941లో భారతీయ పక్షులను గురించి సుప్రసిద్ధ గ్రంథం ప్రచురించాడు. మామ తనకు తెలియదని ఒప్పుకొని, తెలిసినవారి వద్దకు దారి చూపిన ఫలితమిది.

కావున పిల్లలతో నడకకు పోవుటకు తల్లిదండ్రులు శాస్త్రజ్ఞులు కానక్కరలేదు. తొందర లేకుండుట చాలును. ఉదయం ఒక గంట, త్రాగునీరు, కాళ్లకు చెప్పులు, ఒక నోటుపుస్తకం ఉంటే సరిపోతుంది. ఎంత దూరం పోవలెననేది పిల్లల అడుగులకే వదిలివేయాలి. రాళ్ల క్రింద తేళ్లుంటాయి కనుక వట్టిచేతులతో ఎత్తనీయరాదు. గూళ్లను దూరం నుంచే చూడాలి.

మేమిప్పుడు ఆ పుస్తకంలో తేదీ, స్థలం వ్రాసి, చూచిన ప్రాణి పేరును రెండు వరుసలలో వ్రాస్తున్నాము. గిజిగాడు, బయా. గోరింక, మైనా. పాలపిట్ట, నీల్‌కంఠ్. వేప, నీమ్. తెలుగు వరుసకు ఇరుగుపొరుగువారు, ఉర్దూ వరుసకు నానీ సహాయం చేస్తున్నారు. నానీ తరానికి తెలిసిన పేర్లలో సగమైనా మాకు తెలియవని ఈ పుస్తకం వలననే గ్రహించాము. మేము అడిగి వ్రాసుకొనకపోతే అవి మా పిల్లలకు చేరే మార్గం లేదు.

విద్యార్థి మిత్రులారా! మీ ఇళ్లలోనూ తమ్ములు, చెల్లెండ్రు ఉన్నారు. రానున్న ఆదివారం వారిని వెంటబెట్టుకొని ఊరి చెరువు గట్టు వరకైనా నడవండి. వారు ఆగినచోట మీరూ ఆగండి. పేరు తెలియని ప్రాణి కనబడితే ఇంటిలోని వృద్ధులను అడగండి; వారికీ తెలియకపోతే మన కళాశాల జంతుశాస్త్ర, వృక్షశాస్త్ర అధ్యాపకులను అడగండి. అప్పటివరకు పుస్తకంలో ఆ స్థలాన్ని ఖాళీగా ఉంచండి. మా పుస్తకంలో నేటికి పదకొండు ఖాళీలున్నవి. వాటిని నింపవలెనని పిల్లలే ప్రతి ఆదివారం మమ్ములను నిద్ర లేపుతున్నారు.