కడుపులో చల్ల కదలని కథలు

మే నెల రెండో వారం. రాజమండ్రిలో మా మేడ మీద పాత పంచె పరిచి మాగాయ ముక్కలు ఎండబెట్టాం. నీళ్ల ట్యాంకు నీడలో పీట వేసుకుని కాకుల్ని తోలడం నా ఉద్యోగం. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో నవల. అందులో కీలా అనే లైబ్రేరియన్, రాజధానిలో తిరుగుబాటు వచ్చి మహాగ్రంథాలయం తగలబడుతుంటే, మంత్రపుస్తకాల పెట్టెల్ని పడవలోకి చేరేసి తను పుట్టిన దీవికి పారిపోతుంది. తోడు ఎవరయ్యా అంటే మాటలు నేర్చిన ఓ కుండీ మొక్క. పాడుపడ్డ పుట్టిల్లు తలుపు తీసి, బూజు దులిపి, ఇక బతకడం ఎలాగా అని ఆలోచిస్తుంది. పెరట్లో రాస్ప్‌బెర్రీ పళ్లున్నాయి, జామ్ చేసి అమ్ముదామనుకుంటుంది. రాజ్యం అక్కడ తలకిందులైపోతుంటే ఈ పిల్ల బెంగంతా జామ్ గురించి! నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వే సందులో కాకి వచ్చి ఓ ముక్క ఎత్తుకుపోయింది.

ఆ నవల సారా బెత్ డర్స్ట్ రాసిన ‘ది స్పెల్‌షాప్’, 2024లో వచ్చింది. ఇలాంటివాటిని కోజీ ఫాంటసీ అంటున్నారు. మంత్రాలుంటాయి, యక్షిణులుంటారు, ఎగిరే గుర్రాలూ ఉండొచ్చు. లోకాన్ని రక్షించే పని మాత్రం ఎవరి నెత్తినా ఉండదు. కొట్టు తెరవాలి, రొట్టె కాల్చాలి, పక్కింటివాళ్లతో సఖ్యత కుదరాలి. అంతే కథ. మూడు వేసవుల నుంచి నేను ఇవే చదువుతున్నాను, పచ్చళ్ల పనికీ పచ్చళ్ల పనికీ మధ్య.

ఈ కోజీకి తెలుగు మాట వెతుక్కోవడం నాకో కాలక్షేపం. వాళ్లకి కోజీ అంటే వెచ్చదనం. బయట వాన, లోపల నిప్పుగూడు, ఒళ్లో కంబళి, చేతిలో పొగలు కక్కే టీ. గోదావరి ఒడ్డున మే నెలలో ఎవరికైనా ప్రేమగా కంబళి కప్పి చూడండి, పెద్దమనుషుల్లో పెడతారు. మనకి సుఖమంటే చలవ. దీవిస్తే చల్లగా ఉండమంటాం, మంచి కబురు తెచ్చినవాణ్ణి నీ కడుపు చల్లగుండా అంటాం. తోషికాజు కావాగుచి అనే జపాన్ రచయిత నవల ఒకటుంది. అందులో ఒక కేఫ్ ఉంటుంది, అక్కడ కూర్చుని గతంలోకి వెళ్లిరావచ్చు, కానీ కప్పులో కాఫీ చల్లారేలోపు తాగేసి తిరిగొచ్చెయ్యాలి. ఆ కేఫ్ మా ఊళ్లో ఉంటేనా, మే నెలలో వెళ్లినవాళ్లు పూటంతా చుట్టాలందర్నీ పలకరించి, భోంచేసి, కునుకు కూడా తీసి రావచ్చు.

చివరికి నాకు దొరికిన మాట మా అత్తయ్య నోట రోజుకు నాలుగుసార్లు వినేదే: కడుపులో చల్ల కదలకుండా. ఇందులో కాస్త ఎత్తిపొడుపు ఉందని తెలుసు. పనీ పాటా లేకుండా కూర్చుని తినేవాళ్లని అనే మాట. ఈ నవలల మీద విమర్శకుల ఫిర్యాదు కూడా సరిగ్గా అదే కాబట్టి, మాట అతికిందనే అనుకుంటున్నాను.

రాక్షసి కాఫీ హోటలు

ఇప్పుడీ నవలలకున్న గిరాకీలో పెద్ద వాటా ‘లెజెండ్స్ అండ్ లాటేస్’ది. దాన్ని రాసిన ట్రావిస్ బాల్డ్రీ ఒకప్పుడు వీడియో గేములు తయారుచేసేవాడు, తర్వాత ఇతరుల నవలల్ని ఆడియో పుస్తకాలుగా చదివి వినిపించే వృత్తిలోకి వచ్చాడు. నవంబరు నెలలో ముప్పై రోజుల్లో నవల పూర్తిచెయ్యాలని రచయితలు పట్టే పంతం ఒకటుండేది. 2021లో ఆయనా పట్టాడు. 2022 ఫిబ్రవరిలో పుస్తకాన్ని సొంతంగా వేసుకున్నాడు, ఆ ఏడాదే టోర్ సంస్థ తీసుకుని మళ్లీ అచ్చువేసింది. తర్వాతి ఏడాది హ్యూగో, నెబ్యులా బహుమతుల తుది జాబితాలు రెండింటిలోనూ ఉంది.

ఆ కథని మా అత్తయ్యకి ఆవకాయ రోజున చెప్పాను. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు మార్కెట్లో కొట్టించి తెచ్చాం. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని టెంకలోంచి జీడి తీసి, లోపలి పొర గీరి, పొడిగుడ్డతో ముక్క ముక్కా తుడుస్తున్నాం. చేతులకి పని, చెవులకి తీరిక. కథ చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం ఉండదు.

“విప్ అని కాదత్తయ్యా, వివ్. రాక్షసి. కత్తి పట్టుకుని ఊళ్లు తిరిగి కిరాయికి యుద్ధాలు చేసేది. ఒంట్లో ఓపిక తగ్గకముందే మానేద్దామని, కత్తి పక్కన పెట్టేసి కాఫీ హోటలు పెట్టింది.”

“ఘటోత్కచుడి వేపు చుట్టమా?”

“ఇంచుమించు. పాత గుర్రాలశాల కొని బాగుచేయించింది. తీరా చూస్తే ఆ ఊళ్లో కాఫీ అంటే ఏంటో ఎవరికీ తెలీదు.”

“తెలీని ఊళ్లో పెట్టడమేవిటే అమ్మాయ్, తెలివి లేకపోతే సరి! ముందు ఊరికే పోసి అలవాటు చెయ్యాలి.”

వివ్ సరిగ్గా అదే చేసింది. అత్తయ్యకి వ్యాపారం తెలుసనడానికి నాకు ఇంతకుముందు ఆధారం లేదు.

తర్వాత ఆ కొట్టుకి ఒక్కొక్కరే చేరతారు. మాట తక్కువ, పనితనం ఎక్కువ ఉన్న వడ్రంగి. కొలువు వెతుక్కుంటూ వచ్చి బోర్డులు అందంగా రాసిపెట్టే అమ్మాయి. ఇక థింబుల్. మనిషంత బుద్ధి ఉన్న ఎలుక, ఒళ్లంతా పిండి పూసుకుని తిరిగే వంటవాడు, అడిగితే ఒకటి రెండు మాటలు. దాల్చినచెక్క పొడీ పంచదారా పూసి చుట్టలు చుట్టిన రొట్టెలు అతను కాల్చిన పొద్దున కొట్టు ముందు వరస కట్టారు జనం. మామూళ్లు వసూలు చేసే ముఠా కూడా వస్తుంది. ఆ తగాదా ఎలా తీరుతుందో చెప్పను గానీ తీపిగానే తీరుతుంది.

మా అబ్బాయి ఆ రొట్టెలు చెయ్యాలని పట్టుబట్టాడు. పుస్తకం చూసి, గంటన్నర పొంగనివ్వాలని రాసుకున్నాడు. రాసినవాడు ఏ చలిదేశంవాడో! మా వంటింట్లో అరగంటకే పిండి గిన్నె దాటి గట్టు మీదికొచ్చి పులిసిన కంపు కొట్టింది. అత్తయ్య చూసి, “ఇడ్లీ పిండికి తెలిసిన సంగతి మీ పుస్తకానికి తెలీలేదా? వేసవిలో పులుపుకి తొందరెక్కువ, గిన్నెని చన్నీళ్ల పళ్లెంలో పెట్టరా” అంది. రెండోసారి కుదిరాయి. ఒకటి తిని, “బాగున్నాయి. దీన్లోకి ఏవిటి నంచుకుంటారు?” అని అడిగింది. జవాబు ఎవరి దగ్గరా లేదు.

ఆకలి రాసిన విందులు

ఇంగ్లీషు వింతకథల్లో తిండి యావ ఇవాళ్టిది కాదు. 1937 నాటి ‘ది హాబిట్’ మొదలవడమే చెప్పాపెట్టకుండా పదమూడు మంది మరుగుజ్జులు ఊడిపడి, బిల్బో ఇంట్లో ఉన్నవన్నీ ఊడ్చేసి, సీమ జీలకర్ర వేసిన కేకు ఇంకా ఉందా అని అడగడంతో. పెళ్లిళ్ల సీజన్లో ఇల్లు నడిపినవాళ్లెవరికైనా బిల్బో మీద జాలి పుడుతుంది.

కానీ నన్ను ఆపేసినది వేరే. సి.ఎస్. లూయిస్ నార్నియా మొదటి పుస్తకం 1950లో వచ్చింది. అందులో మంచురాణి ఓ పిల్లాణ్ణి వలలో వేసుకున్నది టర్కిష్ డిలైట్ అనే మిఠాయితో. పిల్లాడు తోబుట్టువుల్ని సైతం ఇచ్చేయడానికి సిద్ధపడతాడు. మిఠాయికే ఇంతా అని ఇప్పుడు చదివేవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. ఆనాటికి బ్రిటన్‌లో మిఠాయి రేషన్. యుద్ధం ముగిసినా 1953 ఫిబ్రవరి దాకా తీపి తినాలంటే కూపన్ ఉండాల్సిందే. మాంసానికైతే 1954 దాకా. ఆ లెక్కన చదివితే పిల్లాడిది దురాశలా కనబడదు, ఆకలిలా కనబడుతుంది.

బ్రయాన్ జాక్స్ 1939లో లివర్‌పూల్‌లో పుట్టాడు. అంటే చిన్నతనమంతా ఆ రేషన్ కింద గడిచినవాడు. పెద్దయ్యాక పాల బండి తోలేవాడు. ఆ ఊళ్లోని అంధుల బడికి పాలు పోస్తూ, అక్కడి పిల్లలకి పుస్తకాలు చదివి వినిపించడానికి వెళ్లేవాడు. వాళ్లకోసమే సొంతంగా కథ రాయడం మొదలుపెట్టాడు. చూడలేని పిల్లలకి చెప్పే కథలో రంగుల కన్నా వాసన, రుచి, చప్పుడు ఎక్కువ ఉండాలి కదా. 1986లో అచ్చయిన ‘రెడ్‌వాల్’లో, ఆ తర్వాతి భాగాల్లో ఎలుకల మఠంలో జరిగే విందుల వర్ణన అందుకే అంత నోరూరిస్తుంది. పాత్రల మీద పాత్రలు వడ్డిస్తూనే ఉంటాడు. యుద్ధఘట్టాలు నేను మర్చిపోయాను, ఆ బంతులు మర్చిపోలేదు.

మరి బాల్డ్రీ 2021లో ఏ ఆకలితో రాశాడు? తిండికి లోటులేదు. జనం దాదాపు రెండేళ్లుగా ఇళ్లలో ముడుచుకుని ఉన్నారు. ఆ నవలలో నోరూరించేది రొట్టె కాదని నా ఊహ. ఒకరికొకరు ఏమీ కానివాళ్లు ఒకే బల్ల దగ్గర చేరి, మాస్కూ భయమూ లేకుండా గంటలకొద్దీ కూర్చోవడం. రేషన్ కాలం విందులు రాయించింది, లాక్‌డౌన్ కాఫీ హోటలు రాయించింది.

మన దగ్గర ఈ సరుకు లేదని మాత్రం అనకండి. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలు పన్నెండు భాగాలు రాశారు. మణిసిద్ధుడు కాశీకి నడిచి వెళుతూ తోడుగా పశువులు కాసే కుర్రాణ్ణి రమ్మంటాడు. వాడు పెట్టిన షరతు ఒక్కటే: మజిలీ మజిలీకీ కథ చెప్పాలి. ఇక ప్రయాణమంతా అంతే. నడక, ఊరు, భోజనం, తర్వాత తీరిగ్గా కథ. కథల్లో రాజకుమారులు ఎన్ని ఆపదల్లోనైనా పడనీ, వినేవాడు మాత్రం అన్నం తిని చెట్టుకింద కూర్చునే ఉంటాడు. కడుపులో చల్ల కదలదు. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఊళ్లో బైండు చేసిన చందమామలు చదివిన వేసవులదీ అదే ధోరణి. బేతాళుడు చెట్టెక్కేలోపు ఇంకో తాటిముంజె.

భారతంలో నలుడి కథ ఇంకా చిత్రం. స్వయంవరంలో దమయంతి నలుణ్ణే వరించాక దేవతలు నలుగురూ అతనికి వరాలిస్తారు. అగ్ని కోరినచోట నిప్పు, వరుణుడు కోరినచోట నీళ్లు. వంటలో రుచి ఇచ్చింది ఎవరనుకుంటున్నారు? యముడు! ధర్మంలో నిలకడతోపాటు అన్నంలో రుచి ప్రసాదించాడు. తర్వాత నలుడు రాజ్యం పోగొట్టుకుని, రూపం మారిపోయి, బాహుకుడనే పేరుతో ఇంకో రాజు కొలువులో కుదురుకుంటాడు. దమయంతికి అనుమానం. దాసి వెళ్లి చూసొచ్చి చెబుతుంది: ఖాళీ పాత్ర వైపు చూస్తే నీళ్లు నిండాయి, గడ్డిపరకలు ఎండకి చూపిస్తే నిప్పు పుట్టింది. ఇన్ని వింతలు విన్నా దమయంతికి చాలదు. అతను వండిన మాంసం తెప్పించుకుని రుచి చూస్తుంది. అప్పుడు గుర్తుపడుతుంది. మంత్రం సాక్ష్యం చెప్పినా నమ్మనిది, కూర సాక్ష్యం చెబితే నమ్మింది.

వంటింట్లో ఫ్యాను

ఇంటివంట గురించి ఆప్యాయంగా రాసేవాళ్ల మీద నాకో అనుమానం ఎప్పుడూ ఉంటుంది. వీళ్లు పొయ్యి దగ్గర నిలబడతారా, బల్ల దగ్గర కూర్చుంటారా అని. సగ్గుబియ్యం జావ కాచి, పొద్దెక్కకముందే మేడ మీద వడియాలు పెట్టి, కిందికొచ్చి మామిడికాయ పప్పు తాలింపు వేసిన మనిషికి ‘వేసవి వంటల హాయి’ అంటే ఏం వినబడుతుంది? మా వంటింట్లో ఫ్యాన్ ఉంది. వెయ్యం. వేస్తే గ్యాస్ మంట ఆరిపోతుంది.

అందుకే ‘లెజెండ్స్ అండ్ లాటేస్’లో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఎవరూ పెద్దగా మాట్లాడుకోనిది. పొయ్యి వేడికి థింబుల్ అల్లాడిపోతుంటాడు. నోరు తెరిచి చెప్పే రకం కాదు. వివ్ గమనిస్తుంది. డబ్బు ఖర్చుపెట్టి, పైకప్పు నుంచి గాలి తిప్పే యంత్రం తెప్పించి బిగింపజేస్తుంది. అంతే. మంత్రం లేదు, యుద్ధం లేదు. వంటవాడికి గాలి ఆడేలా చేసింది.

ఇది చెప్పేసరికి అత్తయ్య చేతిలో జీడి తీసే చాకు ఆగింది. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి కట్టెలపొయ్యి, బొగ్గుల కుంపటి, కిరసనాయిలు స్టవ్వు, గ్యాసూ అన్నీ చూసిన మనిషి. కాసేపటికి అంది:

“ఆ రాక్షసి ఎవరో గానీ, మంచింటి పిల్లే.”

బెంగళూరులో పెరిగి ఇంగ్లండులో స్థిరపడిన సంగు మందన్న రాసిన మంత్రగత్తెల నవలొకటి ఉంది, 2022లో వచ్చింది. అందులో భారతదేశంలో పుట్టిన మీకా అనే మంత్రగత్తె టీలు కాచి అందరికీ ఇస్తుంది. అది అత్తయ్యకి అంత రుచించలేదు. “అందరికీ టీ ఇస్తే సరా, ఆ పిల్లకెవరిస్తారు?” అంది. నవల అసలు ప్రశ్న కూడా ఇంచుమించు అదే. మిగతాది చదివి వినిపిస్తానన్నాను. వద్దంది, ఎలుక కథే కావాలంది.

ఆవాలపిండి, కారం, ఉప్పు కొలిచి కలిపాం. ముక్కల్ని పప్పునూనెలో తడిపి పిండిలో పొర్లించి జాడీకెత్తి, పైన నూనె పోసి, వాసెన కట్టాం. బేసిన్‌లో మిగిలిన పిండిలో వేడన్నం వేసి అత్తయ్య ముద్దలు పెట్టింది. కళ్లలో నీళ్లు, చెవుల్లో పొగలు, పక్కన గ్లాసు నిండా మజ్జిగ. కీలా జామ్‌ని పంచదార కాస్తే, దీన్ని ఉప్పూ నూనే ఆవఘాటూ కాస్తాయి. రెండూ చేసేపని ఒకటే, ఈ ఎండని దాచి శ్రావణంలో వడ్డించడం.

మూడో రోజు తిరగ కలపడానికి జాడీ దింపాం. ఊట పైకి తేలింది, ఎర్రగా. అత్తయ్య వేలికి రాసుకుని నాలిక మీద వేసుకుని ఉప్పు చాలదంది. నేను ఉప్పు డబ్బా కోసం లేచేసరికి కరెంటు పోయింది. విసనకర్రలు రెండు వెతికి తెచ్చి ఒకటి ఆవిడకిచ్చాను.

“ఊఁ, తర్వాత?” అంది, గరిట తిప్పుతూనే. “కొట్టు తగలబడిందన్నావు కదా నిన్న. ఎలుక ఎక్కడికెళ్లింది?”