పసుల లక్షణాలు: చూపు ఎవరిది, పేరు ఎవరిది?

ప్రకాశం, గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో తిరునాళ్ళకూ సంక్రాంతికీ బండలాగుడు పోటీలు జరుగుతాయి. ఎడ్లను పళ్ళను బట్టి విభాగాలు చేస్తారు: రెండు పళ్ళ జత, నాలుగు పళ్ళ జత, ఆరు పళ్ళ జత. మైకులో ఆసామి పేరు, ఇంటిపేరు, ఊరు మోగుతాయి. ఆ కోడెలకు దాణా పెట్టినవాడి పేరు, సంతలో నోరు తెరిచి పళ్ళు చూసి వాటిని ఏరినవాడి పేరు మాత్రం వినపడదు. అతను చాలాసార్లు మన వాడ నుంచి పోయిన పాలేరే. పశువు ఒంటిని చదవటం ఒక విద్య. ఆ విద్య ఏమిటి, ఎవరి చేతుల్లో పెరిగింది, దాని మీద ఎవరి పేరు పడింది అన్నదే ఇక్కడ మన ప్రశ్న.

నోట్లో వయసు

పశువుకు పైదవడ ముందు భాగంలో పళ్ళుండవు, గట్టి చిగురే ఉంటుంది. కింద ఎనిమిది పళ్ళు. దూడప్పటి పాలపళ్ళు సన్నగా, తెల్లగా ఉంటాయి. రెండు, రెండున్నర ఏళ్ళకు నడిమి జత ఊడి పెద్ద పళ్ళు వస్తాయి. సుమారు మూడేళ్ళకు నాలుగు, నాలుగేళ్ళకు కాస్త అటూ ఇటూగా ఆరు, అయిదేళ్ళ నాటికి ఎనిమిదీ. ఆ తర్వాత అరుగుదలను బట్టే లెక్క. గొర్రెకు ఇదంతా తొందరగా జరుగుతుంది: ఏడాది, ఏడాదిన్నరకు రెండు, నాలుగేళ్ళ నాటికి ఎనిమిదీ. మేతను బట్టి, జాతిని బట్టి కొన్ని నెలల తేడా ఉంటుంది. ఈనిన ఆవుకు కొమ్ము మీద గీతలు పడతాయి. వాటికి రెండు కలిపితే ఇంచుమించు వయసు. అందుకే కొందరు బేరగాళ్ళు కొమ్ములు చెక్కి నూనె రాస్తారు. కొమ్ము అబద్ధమాడొచ్చు గానీ పళ్ళు ఆడవు అనేవాడు మా నాయన.

సంతలో

మా నాయన ఇరవై ఏళ్ళకు పైగా ఒక కామందు దగ్గర పాలేరు. సంతకు ఆయన్ను వెంటబెట్టుకు పోయేవాళ్ళు. కామందు డబ్బుతో నిలబడేవాడు, నాయన పశువు చుట్టూ తిరిగేవాడు. ముందు నిలబెట్టి చూడటం, తర్వాత నడిపించి చూడటం. వెనక గిట్ట ముందు గిట్ట అడుగులోనో దానికి దగ్గరగానో పడాలి. గిట్టలు గట్టిగా, పగుళ్ళు లేకుండా ఉండాలి. రొమ్ము వెడల్పుండాలి, వెన్ను కుంగకూడదు. మెడ మీద చెయ్యేసి పాత కాడిపుండు కాయ ఉందేమో తడమాలి. దాపటికీ ఎలపటికీ ఎత్తూ నడకా కుదరాలి, లేకపోతే కాడి ఒకదాని మీదే పడుతుంది.

“ఏరా, ఎట్టా ఉంది?”

“వొద్దయ్యా, ఎనక కాలు ఈడుస్తంది.”

అంతే, బేరం ఆగిపోయేది. నచ్చితే కామందూ దళారీ తువ్వాలు కింద వేళ్ళు పట్టుకునేవాళ్ళు. ఆ తువ్వాలు కిందికి నాయన చెయ్యి ఎన్నడూ పోలేదు. తీర్పు ఆయనది, బేరం వాళ్ళది. ఇంటికొచ్చాక ‘కామందు ఏరి తెచ్చిన ఎడ్లు’ అని ఊరంతా చెప్పుకునేది.

పశుశాఖ పుస్తకాల్లో ఒంగోలు జాతి లక్షణాలు రాసి ఉంటాయి: తెల్లని ఒళ్ళు, పొట్టి కొమ్ములు, కంటి చుట్టూ నల్లటి వలయం, మడతలు మడతలుగా వేలాడే గంగడోలు, మగవాటికి పెద్ద మూపురం. ఈ జాతి 19వ శతాబ్దంలోనే బ్రెజిల్ చేరింది. అక్కడ దాని పేరు నెలోర్, అంటే మన నెల్లూరే. వయాటినా-19 అనే నెలోర్ ఆవు విలువ 2023లో 40 లక్షల డాలర్లు దాటింది, గిన్నిస్ రికార్డుల కెక్కింది. జాతికి ఊరి పేరొచ్చింది. తరతరాలుగా మంచి కోడెను ఆంబోతుగా ఉంచాలా, కాడికి కట్టాలా అని చూసి చెప్పిన చేతులకు ఏ పుస్తకంలోనూ పేరు లేదు.

గొర్రెల కాడ

ఈ విద్య మాల మాదిగలకే పరిమితం కాదు. గొర్రె విషయంలో గొల్ల, కురుమలే పండితులు. నెల్లూరు గొర్రెలో వాళ్ళు రంగును బట్టి మూడు రకాలు చెబుతారు: తెల్లది పల్ల, మూతికీ కళ్ళకూ నల్లమచ్చలున్నది జోడిపి, ఎర్రటిది దొర. పొడుగు కాళ్ళు, ఉన్ని లేని ఒళ్ళు దీని గుర్తు. తెలంగాణలో దక్కనీ గొర్రె వేరు. అది ఎక్కువగా నలుపు, దాని ఉన్నితోనే గొంగడి. గొర్రె కండ చూడాలంటే కంటికంటే చెయ్యే ముఖ్యం. నడుం మీద వేళ్ళు పెట్టి వెన్నెముక ఎంత తగులుతుందో చూస్తారు. పశువైద్య కళాశాలలో దీనికే అయిదు మార్కుల కొలత ఉంది. కింది కనురెప్ప తిప్పి ఎరుపు తగ్గిందా అని చూస్తే పొట్టలో రక్తం తాగే పురుగుల జాడ తెలుస్తుంది. 1990లలో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు ఈ పరీక్షకు రంగుల అట్ట తయారు చేసి పేరు పెట్టారు. పేరు పెట్టటం తప్పు కాదు. మన కాపరి అదే పని చేస్తే దాన్ని చదువు కాదనటమే తప్పు.

లోపలి నుంచి చూసినవాళ్ళు

బతికున్న పశువును పైనుంచి అందరూ చూస్తారు. చచ్చిన పశువును లోపలి నుంచి చూసింది మాదిగలు. తోలు ఒలిచినవాడికి ముల్లుకర్ర గాటు ఎంత లోతు దిగిందో, కాడి ఎక్కడ కోసిందో తెలుసు. కార్జంలో ఆకు లాంటి పురుగులు చూస్తే ఏ చెరువు గట్టున మేసిందో ఊహించగలడు. ఇదే పని పశువైద్య విద్యార్థి చేస్తే శవపరీక్ష అంటారు, పట్టా ఇస్తారు. మాదిగ చేస్తే అంటరానితనం ఇచ్చారు.

ఇక్కడ జాగ్రత్త అవసరం. ఈ పనిని పొగిడి మళ్ళీ మన పిల్లలకు అంటగట్టటం మా ఉద్దేశం కాదు. 1927 మహాద్ సభలో అంబేద్కర్ చచ్చిన పశువు మాంసం మానమన్నాడు. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితుల్ని కట్టేసి కొట్టాక, అక్కడి దళితులు ఆ పనే చెయ్యమని ప్రతిజ్ఞ చేశారు. పని వదలటం మన హక్కు. ఆ పనిలో పోగుపడ్డ తెలివిని వదులుకోవాల్సిన అవసరం లేదు.

సుడులూ, మనుషులూ

ఈ విద్యలో తాలు కూడా ఉంది. నుదుట ఫలానా సుడి ఉంటే యజమాని చస్తాడనీ, తోక దగ్గర సుడి ఉంటే ఇల్లు మునుగుతుందనీ చెబుతారు. వెంట్రుక తిరిగినంత మాత్రాన పశువు బలం తగ్గదు, పాలు తగ్గవు. ధర తగ్గించటానికి మాత్రం బాగా పనికొస్తుంది. పుట్టుమచ్చను బట్టి ఒక ప్రాణిని అశుభమని వెలివెయ్యటం మనకు కొత్త సంగతా?

పశువును చూసిన కన్నుతోనే మనల్నీ చూశారు. ఉగాదికి జీతం కుదిరేటప్పుడు పిల్లవాడి దండలు, కాళ్ళు చూసి రేటు చెప్పటం మా వాడ పెద్దలకు గుర్తే. 1976 వెట్టి నిర్మూలన చట్టం వచ్చాక కూడా ఆ చూపు వెంటనే పోలేదు. చదువుకున్నవాళ్ళూ తక్కువ తినలేదు. 1901 జనగణన నాటి కమిషనర్ రిజ్లీ ముక్కు కొలతలతో కులాల అంతస్తు చెప్పబోయాడు. 1948లో ‘ది అన్‌టచబుల్స్’ పుస్తకంలో అంబేద్కర్ అలాంటి కొలతలనే తీసుకొని, అంటరానివాళ్ళు వేరే జాతి అన్న వాదాన్ని కొట్టేశాడు. పశువులో జాతి ఉంది, దాన్ని మనిషే ఏరి ఏరి తయారుచేశాడు. మనుషుల్లో కులం ఒంటి మీద రాసి లేదు.

మా నాయనకు సంతకం రాదు. మేము పరిశోధన కోసం మొదటి నోటుపుస్తకం తెరిచినప్పుడు ‘సమాచారమిచ్చినవారు’ అన్న చోట ఆయన పేరు రాశాం. కాసేపటికి అది కొట్టేసి ‘గురువు’ అని రాసుకున్నాం. ఉపాధ్యాయులూ, విద్యార్థులూ మీ ఊళ్ళో ఇంకా బతికున్న పాత పాలేర్లనూ కాపర్లనూ అడగండి. వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే, వాళ్ళ పేరుతోనే రాయండి.