నిత్యజీవన చిత్రములు



ఇటీవల మా గ్రామమున నిత్యజీవనమును, ప్రకృతిశోభను దెలుపు ఛాయాచిత్రముల పోటీ జరిగినది. ముంగిట ముగ్గు పెట్టుచున్న మా యత్తగారి చిత్రమును నేను పంపితిని. "ఇందు జూడదగిన దేమున్నదే, అమ్మాయీ!" యని వారు నవ్విరి. ఏబది యేండ్లుగా నీ వాకిట ముగ్గు దీర్చిన వారికి ఓటరుకార్డుపై దప్ప వేఱొక చిత్రము లేదు. అది తలంపునకు వచ్చి నాకు సిగ్గు కలిగినది.

1892వ సంవత్సరమున రాజా దీన్‌దయాళుగారు హైదరాబాదున ఘోషాస్త్రీలకై ప్రత్యేక చిత్రశాల నెలకొల్పి, దాని నొక స్త్రీ నిర్వహణమున నుంచిరి. నాడు చిత్రమునకై గడప దాటవలసియుండెను. నేడా యంత్రము చేతిఫోనునందే యున్నది. అయినను మనము పండుగనాటి పట్టుచీరలను జిత్రించుచు, పనినాటి చేతులను మఱచుచున్నాము.

కావున, పెద్దల యనుమతి గొని, ఉదయపు టేటవాలు వెలుగున వారి నిత్యకృత్యములను జిత్రింపుడు. అచ్చు వేయించి, వెనుక పేరును తేదీని వ్రాయుడు.

మా చిత్రమునకు బహుమతి రాలేదు. కాని మా యత్తగారు దానిని జేతబట్టుకొని, "నా ముగ్గింత చక్కగా నుండునటే!" యని చాలసేపు చూచుచుండిరి.