సంఘం బైలా: అమలులో ఉన్న ప్రతి ఏది?

పాల సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము నగదు పుస్తకం, పాల కొనుగోలు రిజిస్టరు చూసిన తరువాత సంఘం ఉపనిబంధనలు, అంటే వాడుకలో మనం బైలా అనే పుస్తకం, చూపించమంటాము. నగదు పుస్తకం వెంటనే బల్ల మీదికి వస్తుంది. బైలా కోసం మాత్రం బీరువా అంతా వెదకవలసి వస్తుంది. చివరకు ఒకటి కాదు, రెండో మూడో ప్రతులు దొరుకుతాయి. వీటిలో అమలులో ఉన్నది ఏది అని అడిగితే కార్యదర్శి గారు అధ్యక్షుల వారి వంక, అధ్యక్షుల వారు పాలు పరీక్షించే కుర్రవాని వంక చూస్తారు.

ఇది నవ్వి ఊరుకోదగిన విషయం కాదు. కొన్నేళ్ళ క్రిందట ఒక సంఘంలో జరిగినది చెబుతాము. ఆ సంఘం మొదటి బైలా ప్రకారం ఎన్నికలో ఓటు వేయాలంటే అంతకు ముందు సంవత్సరంలో 180 రోజులు పాలు పోసి ఉండాలి. ఒకటి రెండు గేదెలు ఉన్నవారికి ఇది సాధ్యం కాదని, గేదె ఒట్టిపోయిన నెలల్లో వారు కేంద్రానికి ఏమి తెస్తారని మహాజన సభలో చర్చించి, దానిని 120 రోజులకు తగ్గించారు. సవరణ రిజిస్ట్రారు వద్ద నమోదై, సీలు వేసిన ప్రతి సంఘానికి చేరింది. అప్పటి కార్యదర్శి దానిని వచ్చిన కవరులోనే భద్రంగా దాచాడు. మూడేళ్ళకు ఆయన మారాడు. కొత్తగా వచ్చినవారి చేతికి పాత అచ్చు పుస్తకమే అందింది. ఆయన ఆ పుస్తకం ముందు పెట్టుకొని ఓటర్ల జాబితా వ్రాసి, 180 రోజులు నిండని 11 మంది పేర్లు తీసివేశాడు.

అందులో, భర్త పోయిన తరువాత సభ్యత్వం తన పేర మార్పించుకొని ఒక్క గేదెతో పాలు పోస్తున్న ఒకావిడ ఉన్నది. ఆమె పాసుపుస్తకంలో 143 రోజులు ఉన్నాయి. "తగ్గించారని మా ఆయన సభ నుంచి వచ్చి చెప్పాడు గదండీ" అన్నదట. చెప్పిన మాట చెల్లదని, పుస్తకంలో ఉన్నదే చెల్లుతుందని ఆమెకు పుస్తకం తీసి చూపించారు. ఆ ఎన్నికలో ఒక స్థానం 4 ఓట్ల తేడాతో నిర్ణయమైంది. కవరు మా తనిఖీలో బయటపడేసరికి వివాదం దాఖలు చేసే గడువు దాటిపోయింది. తరువాతి జాబితాలో ఆ పేర్లు చేర్పించాము గాని, జరిగిపోయిన ఎన్నికను ఏమీ చేయలేకపోయాము.

ఆ కార్యదర్శి చెడ్డవాడు కాదు. చేతిలో ఉన్న పుస్తకాన్ని అక్షరాలా పాటించాడు. ఆ పుస్తకం మీద, ఇందులో ఫలానా నిబంధన మారినదని ఒక్క ముక్క వ్రాసి లేదు.

సంఘాల్లో ఇన్ని ప్రతులు పోగుపడడానికి కారణాలు లేకపోలేదు. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైన తరువాత, 1981లో మన రాష్ట్రంలో పాడి పరిశ్రమాభివృద్ధి సహకార సమాఖ్య ఏర్పడిన తరువాత, చాలా గ్రామాల్లో నమూనా బైలా తీసుకొని, ఊరి పేరు, వాటా ధర వంటి ఖాళీలు సిరాతో నింపి 1964 సహకార సంఘాల చట్టం క్రింద నమోదు చేసుకున్నారు. 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం రాగా కొన్ని సంఘాలు దాని క్రిందికి మారి, కొత్త బైలా వ్రాసుకున్నాయి. 2006లో ఆ చట్టాన్ని సవరించి పాల సంఘాలను తిరిగి 1964 చట్టం క్రిందికి తెచ్చారు. 2007లో హైకోర్టు ఆ సవరణను కొట్టివేసింది. 2011లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయపరచింది. ఆ అయిదేళ్ళలో ఏ పుస్తకం తెరవాలో మా వంటి తనిఖీదారులకే తికమకగా ఉండేది, ఇక కార్యదర్శులను ఏమనగలం? ఒక సంఘం బీరువాలో ఈ కాలాలన్నిటి పుస్తకాలూ ఒకే రంగు అట్టతో ఉంటే ఎవరైనా పొరపడతారు.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉన్నది. మహాజన సభ తీర్మానం చేయగానే బైలా మారిపోయిందని సభ్యులు అనుకుంటారు. అలా మారదు. రిజిస్ట్రారు వద్ద నమోదయ్యే వరకు పాత నిబంధనే చెల్లుతుంది. తీర్మానం వ్రాసి, చప్పట్లు కొట్టి, కాగితాలు పంపడం మరచిన సంఘాలను మేము చూశాము. కనుక తీర్మానాల పుస్తకం ఒక్కటే చూసి బైలా చెప్పకూడదు.

ఇందుకు పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. రిజిస్ట్రారు సీలు ఉన్న ప్రతిని మూల ప్రతిగా ఉంచి, దానిని ఎవరికీ ఇంటికి ఇవ్వకూడదు. దానితో పాటు ఒక సవరణల రిజిస్టరు తెరవాలి. అందులో నిబంధన సంఖ్య, పాత మాటలు, కొత్త మాటలు, మహాజన సభ తీర్మానం సంఖ్య, తేదీ, కాగితాలు పంపిన తేదీ, నమోదు సంఖ్య, నమోదైన తేదీ ఉండాలి. నమోదు తేదీ గడి ఖాళీగా ఉన్నదంటే ఆ సవరణ ఇంకా అమలులోకి రాలేదని చదువు తక్కువైన సభ్యునికి కూడా తెలుస్తుంది. మూల ప్రతిలో కాగితపు ముక్కలు అంటించడం, కొట్టివేసి పైన వ్రాయడం పనికిరాదు. జిగురు ఊడిపోతే ఏ నిబంధన మీది ముక్క ఎక్కడ పడిందో ఎవరు చెప్పగలరు?

పాత ప్రతులను చింపి పారవేయమని మేము చెప్పడం లేదు. రెండేళ్ళ క్రిందటి బోనసు గురించి తగాదా వస్తే, ఆనాడు అమలులో ఉన్న నిబంధన చూడాలి గాని నేటిది కాదు. పాత ప్రతి అట్ట మీద ఎర్రసిరాతో "ఫలానా తేదీ వరకు అమలు" అని వ్రాసి, అధ్యక్షులు, కార్యదర్శి సంతకాలు చేసి, వేరే కట్టలో ఉంచాలి. కార్యదర్శి మారినప్పుడు చార్జి కాగితంలో మూల ప్రతి, సవరణల రిజిస్టరు, పాత ప్రతుల కట్ట అని విడివిడిగా వ్రాయించుకోవాలి. నగదుకు, పాల కేన్లకు వ్రాయించుకుంటున్నాము గదా!

ఇప్పుడు కంప్యూటరులో టైపు చేయించడం, ఫోనులో ఫొటోలు పంపుకోవడం వచ్చింది. మంచిదే. కాని ఒక సంఘం కంప్యూటరులో "కొత్త బైలా" అని ఒకటి, "కొత్త బైలా అసలైనది" అని మరొకటి చూశాము. రెండూ పాతవే. ఫైలు పేరులో నమోదు తేదీ వేస్తే ఈ అవస్థ ఉండదు. ప్రతి పుట అడుగున కూడా ఆ తేదీ అచ్చువేయించాలి. అప్పుడు ఎవరో ఒక్క పుట ఫొటో తీసి పంపినా అది ఏనాటిదో తెలుస్తుంది.

బైలా చూపించమని అడిగే హక్కు ప్రతి సభ్యునికీ ఉన్నది. అడిగిన వారిని తగాదాకోరుగా చూడడం తగదు.

మీ సంఘంలో మూల ప్రతి దొరకకపోతే, రాబోయే మహాజన సభ నోటీసు ఇవ్వకముందే రిజిస్ట్రారు కార్యాలయానికి దరఖాస్తు పెట్టి, రుసుము చెల్లించి, ధ్రువీకరించిన నకలు తెప్పించండి. వచ్చిన తరువాత పాలకవర్గం కూర్చొని, ఒకరు నకలు పైకి చదువుతుండగా మరొకరు సంఘంలోని ప్రతిని సరిచూడాలి. తేడా కనిపించిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టండి. సిరాతో దిద్దవద్దు.