నవ్వు గాలీ – మోటారు సైకిలూ

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికీ మోటారు సైకిలుకీ ఏమిటి సంబంధమని పాఠకులు అడగవచ్చు. న్యాయమే. నాకు ఆ బండి వెనక కూర్చోవడం కూడా సరిగా చేతకాదు. కాలేజీకి పోవడమూ రావడమూ సిటీ బస్సులోనే. అయినా మొన్న వేసవి సెలవుల్లో నేను చేసిన పని ప్రబంధ వ్యాఖ్యానం కాదు. మోటారు సైకిలుకి నైట్రస్ ఆక్సైడ్ అమర్చడం ఎలాగో, అమర్చాక దాన్ని కాపాడుకోవడం ఎలాగో చెప్పే ఒక ఇంగ్లీషు పుస్తకాన్ని పదిహేను రోజులు కూర్చుని తెలుగు చేశాను.

దీనికంతటికీ కారకుడు మా మేనల్లుడు. అక్కయ్యా వాడూ మారేడుపల్లిలో ఉంటారు. బావగారు పోయి ఆరేళ్లయింది. ఆయన మిగిల్చిపోయిన వాటిలో పిల్లవాడికి ప్రాణప్రదమైనది పాత బుల్లెట్ బండి. ఆదివారం వస్తే చాలు, దాన్ని తుడవడమూ, విప్పడమూ, మళ్లీ బిగించడమూ. తండ్రిని తలుచుకుంటున్నాడు గదా అని అక్కయ్య కూడా ఏమీ అనేది కాదు. ఏప్రిల్ నెలాఖరున ఒక రాత్రి ఫోను చేసింది.

"ఒరే తమ్ముడూ, వీడు ఇంట్లోకి గ్యాసు సీసా తెచ్చాడురా. వంటకు కాదట, బండికట! మేనమామవి, నువ్వే వచ్చి ఏదో ఒకటి తేల్చు."

వెళ్లాను. ముందు గదిలో టీపాయి మీద జానెడున్నర పొడుగు నీలం సీసా ఉంది. మెడకు ఒక వాల్వూ, ఒక గేజీ. పక్కన సన్నని గొట్టాలు, వైర్లు, అగ్గిపెట్టెలంతేసి సోలినాయిడ్లు రెండు. బెంగుళూరులో పందాలు మానుకున్న స్నేహితుడొకడు చవకగా ఇచ్చేసి, తన కారులోనే తెచ్చి దింపిపోయాడట. సీసా సగం నిండే ఉంది.

"దీంతో బండి ఎగురుతుంది మావయ్యా!" అన్నాడు మా వాడు. చిన్నప్పుడు గాలిపటం తెచ్చి చూపించినప్పుడు కూడా వాడి కళ్లు అలాగే ఉండేవి.

బిగించవలసినవాడు రాణీగంజిలో ఉస్తాదు. మోటారు విడిభాగాలకు రాణీగంజి పెట్టింది పేరు. ఆ సందుల్లో ఈ ఉస్తాదుకు చిన్న షెడ్డుంది. బావగారి కాలం నుంచీ ఆ బండి నాడి తెలిసినవాడు. సామానంతా తిప్పి తిప్పి చూసి, చెయ్యి వెయ్యనన్నాడు.

"గీ కితాబుల ఏం రాసిండ్రో తెల్వకుంట నేను నట్టు గూడ ముట్ట, సార్. తెలుగుల రాసియ్యిండ్రి. నేను ఏడో క్లాసు దాక చదివిన."

తెలియనిది తెలియదని ఇంత తేటగా ఒప్పుకున్న పండితుణ్ణి నేను సాహిత్య సభల్లో ఎక్కువగా చూడలేదు. అలా పుస్తకం నా మెడకు చుట్టుకుంది.

ఈ వాయువు మనకు కొత్తదేమీ కాదు. 1772లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ కనిపెట్టాడు. 1799లో హంఫ్రీ డేవీ అనే ఇరవయ్యేళ్ల కుర్రవాడు తానే పీల్చి చూసి, ఆపుకోలేక నవ్వి, దానికి 'నవ్వు గాలి' అనే పేరు తెచ్చిపెట్టాడు. 1844లో అమెరికాలో హోరేస్ వెల్స్ అనే పళ్ల డాక్టరు ఇది పీల్చి తన పన్నే పీకించుకున్నాడు. ఆపరేషన్ గదుల్లో ఈనాటికీ ఉంది. ఇంజన్లలోకి గట్టిగా ఎక్కింది మాత్రం రెండవ ప్రపంచ యుద్ధంలో. బాగా ఎత్తున గాలి పలచబడి విమానాలు డస్సిపోతుంటే జర్మన్లు దీన్ని ఇంజన్లలోకి చిమ్మించారు. తరవాత అమెరికాలో పావుమైలు పందాలవాళ్లు అందిపుచ్చుకున్నారు. 2001లో వచ్చిన 'ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్' సినిమాతో దేశదేశాల కుర్రకారుకీ సోకింది.

ఇది చేసే పని ఏమిటో అక్కయ్యకు చెప్పడానికి నాకు ఊదుగొట్టం పనికివచ్చింది. ఇంజను పొయ్యి, పెట్రోలు కట్టెలు అనుకోండి. ఎన్ని కట్టెలు కుక్కినా గాలి చాలకపోతే వచ్చేది పొగే గాని మంట కాదు. మనం పీల్చే గాలిలో బరువు లెక్కన నూటికి 23 పాళ్లు ప్రాణవాయువు. నైట్రస్ ఆక్సైడ్‌లో 36 పాళ్లు. ఇది తనంత తాను మండదు. ఇంజను వేడికి విడిపోయి ప్రాణవాయువును వదిలిపెడుతుంది. అదీగాక, సీసాలో ద్రవంగా ఉన్నది బయటపడుతూనే మైనస్ 88 డిగ్రీల చలితో ఆవిరవుతుంది గనక లోపలికి పోయే గాలి చల్లబడి చిక్కనవుతుంది. ఊదుగొట్టం ఊదినంతసేపూ మంట.

చిక్కంతా ఇక్కడే. ఊదినకొద్దీ కట్టెలూ వెయ్యాలి. అంచేత ఒక సోలినాయిడు వాయువును వదులుతుంటే రెండోది దానికి తగిన పెట్రోలును వదలాలి. రెండింటి పాళ్లనూ నిర్ణయించేది సూది బెజ్జమంత రంధ్రమున్న ఇత్తడి జెట్లు. పెట్రోలు తగ్గిందా, మంట పిస్టన్ మీద పడుతుంది. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరిగే లోహం; పిస్టన్ నెత్తిన చిల్లి పడటానికి ఎంతోసేపు పట్టదు. మంట తొందరగా పాకుతుంది గనక స్పార్కును కొంచెం ఆలస్యంగా ఇప్పించాలి. ఆక్సిలరేటరు పూర్తిగా తిప్పి, ఇంజను మంచి వేగంమీద ఉన్నప్పుడే మీట నొక్కాలి. నెమ్మదిగా పోతున్నప్పుడు నొక్కితే పెట్రోలు గొట్టంలో మడుగు కట్టి వెనక్కి పేలుతుంది.

ఇంతవరకూ విని ఉస్తాదు తల ఊపాడు. అతనికి నిజంగా ఆసక్తి కలిగింది జాగ్రత్తల అధ్యాయంలో. నూనె, గ్రీజు అంటిన చేత్తో ఈ వాల్వులనూ గొట్టాలనూ ముట్టరాదని రాశాను. ఒత్తిడితో వచ్చే ఇలాంటి వాయువుకు నూనె తగిలితే అంటుకోవచ్చు. ఉస్తాదు తన రెండు చేతుల వంకా చూసుకుని నవ్వాడు. "మా షెడ్ల గ్రీజు లేని చెయ్యి ఏడ దొరుకుతది సార్!" మరునాడు మాత్రం సబ్బూ, తెల్లని గుడ్డా కొనిపెట్టాడు. బిగింపుల్లో తెల్ల టేపు చుట్టవద్దనీ, దాని పీలికలు జెట్లకు అడ్డం పడతాయనీ, సోలినాయిడు ముందుండే జల్లెడను విప్పి శుభ్రం చేస్తుండాలనీ, రబ్బరు సీళ్లు ఉబ్బితే మార్చాలనీ రాశాను. సీసా లోపలి గొట్టం అడుగు దాకా వంగి ఉంటుంది. సీసాను తిరగేసి బిగిస్తే ద్రవానికి బదులు వట్టి ఆవిరి వస్తుంది. వంచిన కుండలోంచి చల్లకు బదులు నురగ వచ్చినట్టు. అయిదేళ్లకొకసారి సీసాను నీటి ఒత్తిడి పరీక్షకు పంపాలి. కొన్న సీసా అయితే ఆ తేదీ చూసి మరీ పుచ్చుకోవాలి. మా వాడు చూడలేదు.

ఇంకొక సంగతి. గేజీ చూసి సీసాలో ఎంత ఉందో చెప్పలేము. ద్రవం ఒక్క చుక్క మిగిలినా ఆ వేడికి ఉండవలసిన ఒత్తిడే చూపిస్తుంది. తూకం ఒక్కటే దారి. "వంట గ్యాసు బండ కూడా అంతేగా!" అంది అక్కయ్య. అంతే. 14.2 కిలోల లెక్క చూడటానికి గ్యాసు కుర్రాడు బండను కొక్కేనికి తగిలించడం మనం చూసేదే.

అసలు కథ వేడి దగ్గర వచ్చింది. పుస్తకం రాసినవాళ్లు చల్లని దేశంవాళ్లు. వాళ్ల బాధ, సీసా చల్లబడి ఒత్తిడి చాలకపోవడం. కొందరు బుద్ధిహీనులు మంట పెట్టి సీసాను కాచి పేల్చుకున్నారని హెచ్చరిక రాసి, విద్యుత్తుతో వెచ్చబడే దుప్పటి చుట్టమని సలహా ఇచ్చారు. సికిందరాబాదులో మే నెలలో దుప్పటి! నాకు అనుమానం వచ్చి మా కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి అడిగాను. ఆయన ఒక అంకె చెప్పాడు: 36.4 డిగ్రీలు. అది దాటితే ఎంత ఒత్తిడి పెట్టినా నైట్రస్ ఆక్సైడ్ ద్రవంగా ఉండదట. అటు ద్రవమూ కాదు, ఇటు ఆవిరీ కాదు, త్రిశంకు స్థితి. అక్కడ ఒత్తిడి చదరపు అంగుళానికి 1,050 పౌన్లు. ఆ పైన వేడి ఏ కాస్త పెరిగినా సీసా నిండుదనాన్ని బట్టి చరచరా ఎక్కుతుంది. మన బండి టైరులో ఉండేది ముప్ఫై పౌన్లకు అటూ ఇటూ.

మరునాడు అక్కయ్య ఇంట్లో పరీక్ష పెట్టాము. తెల్లవారి అయిదున్నరకు గది 27 డిగ్రీలు, గేజీ 850. పదింటికి 32, గేజీ 950. మధ్యాహ్నం రెండింటికి కిటికీలు మూసిన గదిలోనే 40 డిగ్రీలు. ముల్లు 1,100 దాటింది. అక్కయ్య ప్రతి గంటకూ వచ్చి, బి.పి. చూసినట్టు చూసిపోతోంది. మూడోసారికి ఆమె మొహం పాలిపోయింది. ఎండలో నిలిపిన బండి మీద ఆ సీసా ఉంటే ఏమవుతుందో ఎవరమూ పైకి అనలేదు. వాల్వులో పలచని రేకు ఒకటుంటుంది. సీసా పగలకముందే అది చిరిగి వాయువును బయటికి వదలాలి. అది వదిలేచోట కూర్చునేది బండి నడిపేవాడు.

ప్రమాదం అటుంచి, పందెం లెక్క కూడా తప్పుతుంది. వాయువు వేడెక్కి దాని చిక్కదనం మారాక, పొద్దున్న సరిపోయిన జెట్టు మధ్యాహ్నం సరిపోదు. గోనెపట్టా తడిపి చుట్టి, నీడలో ఉంచమని ఉస్తాదు ఉపాయం చెప్పాడు. మంచినీళ్ల కూజా సూత్రమే గదా! పుస్తకంలో లేని ఆ వాక్యాన్ని నా తెలుగులో చేర్చుకున్నాను.

బండి మాటకు వస్తే, పాత బుల్లెట్‌ది 346 సి.సి. ఇంజను, 70 మిల్లీమీటర్ల సిలిండరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, సుమారు 18 గుర్రాల బలం. నిదానానికి పుట్టిన బండి. దానికి ఇంకో పది గుర్రాలు కట్టినా, రెండు పౌన్ల సీసా నిండుగా ఉంటే వచ్చేది మొత్తం మూడు నిమిషాల పరుగు. "ఉరికిస్తం సరే, ఆపుడు? గా డ్రమ్ము బ్రేకులేనాయె!" అన్నాడు ఉస్తాదు. కనెక్టింగ్ రాడ్డు కింది బేరింగు బావగారు ఉన్నప్పుడు వేసిందేనని కూడా గుర్తు చేశాడు. ఆ మాటకు మా వాడు తల వంచుకున్నాడు.

చట్టం సంగతి నేను ఒక్కసారే చెప్పి ఊరుకున్నాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ చేసిచ్చిన దానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 189వ సెక్షను ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం నేరం. ఆసుపత్రి సీసాలోంచి వాయువు తెచ్చి నింపుకోవడం వేరే నేరం. బుడగల్లో పట్టి సరదాకు పీల్చే పిల్లలు కూడా ఉన్నారని విన్నాను. అది ఒంట్లో బి-12ను పనికిరాకుండా చేసి కాళ్లూ చేతుల నరాలను చెడగొడుతుంది. ఇంట్లో పిల్లలున్నవాళ్లు ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది.

వాడు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోనాడు తెల్లవారుజామున నాలుగున్నరకు ఫోను చేసి, "మావయ్యా, ఉస్తాదు షెడ్డుకి రండి" అన్నాడు.

షెడ్డు వెనక ఖాళీ స్థలంలో సీసాను ఇటుకల మధ్య నిలబెట్టారు. దగ్గరలో బీడీ కూడా ఉండకూడదని ఉస్తాదు తన మనుషులను పంపేశాడు. గాలి వాలు చూసుకుని, మేము వెనక నిలబడ్డాము. మేనల్లుడు చేతికి తోలు తొడుగు వేసుకుని, వాల్వును పావు చుట్టు తిప్పాడు. బుస్సుమంటూ తెల్లని ఆవిరి. కాసేపటికి వాల్వు చుట్టూ మంచు పేరుకుంది. మే నెల, రాణీగంజి, మంచు! ఉస్తాదు కొడుకు ముట్టుకోబోతే వాడి చెయ్యి పట్టి లాగాను. ముట్టుకుంటే చర్మం కాలినట్టే ఊడుతుంది.

మొత్తం వదలడానికి అరగంట పట్టింది. ఉస్తాదు పక్క దుకాణం త్రాసు తెప్పించి తూచాడు. సీసా మెడ మీద చెక్కిన ఖాళీ బరువుకు సరిపోయింది.

"అమ్మేస్తావా?" అన్నాను.

"లేదు మావయ్యా. పరీక్షకు పంపిస్తాను. పుణే దగ్గర ఆంబీ వ్యాలీలో విమానాల పట్టీ మీద పందాలు పెట్టారని విన్నాను. చలికాలంలో ఎక్కడైనా అలాంటివి జరిగితే చూసివస్తాను. నాన్న బండికి మాత్రం పెట్టను" అన్నాడు.

ఉస్తాదు నా రాతప్రతిని ప్లాస్టిక్ సంచిలో పెట్టి గోడకు తగిలించుకున్నాడు. సోలినాయిడుకు నేను 'విద్యుత్కవాటం' అని రాస్తే దాన్ని కొట్టేసి, పైన పెన్సిలుతో 'సోలినాడు' అని దిద్దుకున్నాడు. ఇంకా ఎనిమిది పేజీలు మిగిలి ఉన్నాయని, దసరా సెలవులు ఎప్పుడిస్తారని అడుగుతున్నాడు.