గ్రుడ్డులోని శత్రువు

కందిరీగ అనగానే కుట్టి బాధించు పురుగే మనకు తోచును. కాని మనుష్యుల జోలికి రానివి, ఆవగింజకంటె చిన్నవి అయిన కందిరీగలు కూడ కలవు. వానిలో ట్రైకోగ్రామా ఒకటి. దీని పొడవు సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. వరిని, చెరకును తొలుచు పురుగుల గ్రుడ్లే దీని సంతానమునకు ఇల్లును, ఆహారమును.

ఆడ కందిరీగ అట్టి గ్రుడ్డును వెదకి పట్టుకొని, దానిపై అటునిటు నడచుచు స్పర్శశృంగములతో తట్టి చూచును. ఈ నడకలోనే గ్రుడ్డు పరిమాణము దానికి తెలియును. అందలి ఆహారము ఎన్ని పిల్లలకు చాలునో అన్ని గ్రుడ్లనే లోపల పెట్టును. వేరొక కందిరీగ ముందే గ్రుడ్డు పెట్టియున్నచో సాధారణముగ దానిని గుర్తించి విడిచిపోవును. ఈ గుర్తింపు ఎట్లు జరుగునో కేంబ్రిడ్జిలో పనిచేసిన జార్జి సాల్ట్ అను శాస్త్రజ్ఞుడు 1937లో తన ప్రయోగములద్వారా వివరించెను.

లోపల పొదిగిన పిల్ల గ్రుడ్డులోని పదార్థమునంతయు తినివేయును. మూడు నాలుగు దినములలో గ్రుడ్డు నల్లబడును. వెచ్చని వాతావరణమున సుమారు ఎనిమిది, పది దినములకు కందిరీగ పెంకుకు రంధ్రము చేసికొని వెలుపలికి వచ్చును. పేను వంటి పరాన్నజీవి తనకు ఆశ్రయమిచ్చిన ప్రాణిని సాధారణముగ చంపదు. ఇది తప్పక చంపును. అందుచే ఇట్టివానిని పారాసిటాయిడ్లు అని వేరుగా పిలుతురు.

ధాన్యమును పాడుచేయు ఒక రెక్కల పురుగు గ్రుడ్లను అట్టముక్కలకు అంటించి, వానిపై ఈ కందిరీగలను పెంచుదురు. వీనినే ట్రైకో కార్డులందురు. ముక్కలుగా కత్తిరించి ఆకుల అడుగున తగిలించినచో కందిరీగలు పైరులోనికి వ్యాపించును. అయితే పురుగు కాండములోనికి చొరబడిన పిదప ట్రైకోగ్రామా దానిని ఏమియు చేయజాలదు. కనుక రెక్కల పురుగులు గ్రుడ్లు పెట్టు సమయముననే కార్డులు కట్టవలెను. ఆ దినములలో పైరుపై పురుగుమందు చల్లినచో కందిరీగలే ముందు చచ్చును.

వరి ఆకు చివర గోధుమరంగు నూగుతో కప్పబడిన గ్రుడ్ల సముదాయములు కనిపించినచో, విద్యార్థులచే ఆకుతోసహా తెప్పించి, పరీక్షనాళికలలో ఉంచి, దూదితో గట్టిగా మూయుడు. వెలువడినవి గొంగళిపురుగులెన్నో, కందిరీగలెన్నో లెక్కింపుడు. ఆ పొలమున రైతుకు ఎందరు మిత్రులు కలరో, మందు చల్లినచో ఎవరిని పోగొట్టుకొనునో ఆ లెక్కయే తెలుపును.